పిడుగు మీది నేరము

బళ్ళారి నుండి వలస వచ్చిన మా యిండ్లలో రాయల ముచ్చట లేని పండుగ లేదు. మొన్న మొన్నటి వరకు మా జిల్లాలోనిదే అయిన హంపీలో, విరూపాక్షుని రంగమంటపమును 1510లో కట్టించిన కృష్ణదేవరాయలే 1516లో శ్రీకాళహస్తి రాజగోపురమును కట్టించెను. ఏడంతస్తుల గోపురము! ఎన్నడో పిడుగు పడి అది బీటలు వారినదని ఊరివారు చెప్పుకొనగా మేమును వింటిమి, నమ్మితిమి.

పిడుగు పడియే యుండవచ్చును. ఎత్తైన కట్టడములకు ఆ భయము తప్పదు. కాని పిడుగు క్షణములో పోవును. బీట మాత్రము ఏండ్ల తరబడి అందరి కంటి యెదుటనే యుండెను. సున్నము, ఇటుక ఎంతకాలమని ఓర్చును? 2010 మే 26వ తేది రాత్రి గోపురము కూలెను. ముందుగా జనమును దూరము పంపుట మేలయినది.

క్రొత్త గోపురమునకు 2017లో కుంభాభిషేకము జరిగినది. మా యిండ్లలో మాత్రము నేటికిని నేరమంతయు పిడుగుదే.