నెయ్యి లేని విస్తరి

కొత్తల్లుడు పండక్కి వస్తున్నాడంటే ఏ ఇంట్లోనైనా ముందుగా పొయ్యి మీద కాగేది వెన్న. మా ఇంట్లో మాత్రం మొన్న సంక్రాంతికి నేతిగిన్నె అటకెక్కింది!

సంగతేమిటంటే, మా అక్కయ్య కూతురు ఇంగ్లండులో, లెస్టర్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. కిందటేడు అక్కడి అబ్బాయినే పెళ్ళి చేసుకుంది. అక్కయ్య పోయి ఏడేళ్ళయింది. తల్లి లేని పిల్లకి పుట్టిల్లంటే పిన్ని ఇల్లే కదా! మొదటి పండక్కి మొగుణ్ణి వెంటబెట్టుకుని కోనసీమలో మా అత్తగారింటికి వస్తానంది. నేను సంబరపడిపోయి బూరెలూ, పాయసం, గడ్డపెరుగూ అంటూ ఫోనులో జాబితా చదువుతుంటే అటువైపు చప్పుడు లేదు.

"పిన్నీ, మేమిద్దరం వీగన్లం. మాంసం, గుడ్లే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టుకోం. నీకు ఇబ్బందైతే హోటల్లో తినేసి వస్తాంలే" అంది చివరికి.

హోటల్లో తినేసి రావడమా! అక్కయ్య ఉంటే ఈ మాట అనేదా? నా గుండె కలుక్కుమంది. "నోర్ముయ్యి, తిన్నగా ఇంటికి రా" అని ఫోను పెట్టేశాను. పెట్టేశాక భయం పట్టుకుంది. పిల్లకి చెప్పడం తేలికే, మా అత్తగారికి చెప్పాలిగా!

విని ఆవిడ కాస్సేపు నా మొహంకేసి చూశారు. "మాంసం మానేశారంటే మెచ్చుకుంటాను. నెయ్యి మానడమేమిటే అమ్మాయ్? కొత్తల్లుడికి అభిఘారం లేని అన్నం పెడితే ఊళ్ళో తలెత్తుకోగలమా? ఇదెక్కడి కొత్త పిచ్చి!" అన్నారు.

బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి నాకో దురలవాటుంది. ఏదైనా కొత్త అంటే, అదెంత కొత్తో చూడందే నిద్రపట్టదు. పప్పులు నానబోయాల్సిన దాన్ని పుస్తకాలు ముందేసుకుని కూచున్నాను.

'వీగన్' అనే మాట నిజంగా కొత్తదే. 1944 నవంబరులో పుట్టింది. పుట్టిన ఊరు ఏదనుకున్నారు? మా పిల్ల ఉంటున్న లెస్టరే! అక్కడ డొనాల్డ్ వాట్సన్ అని, బడిలో పిల్లలకి వడ్రంగం నేర్పే మాస్టారుండేవాడు. చిన్నప్పుడు బాబాయి గారి పొలంలో పందిని చంపడం కళ్ళారా చూసి, పద్నాలుగో ఏట మాంసం మానేశాడు. పెద్దయ్యాక పాల సంగతీ ఆలోచించాడు. దూడకి చెందవలసింది మనం తాగడమేమిటని ఆయన బాధ. పాలు కూడా మానిన వాళ్ళకి తమ పత్రికలో కాస్త చోటివ్వమని శాకాహారుల సంఘాన్ని అడిగితే వాళ్ళు కుదరదన్నారు. అప్పుడు వాట్సన్, ఎల్సీ ష్రిగ్లీ అనే ఆవిడ, మరికొందరు కలిసి వేరే సంఘం పెట్టుకున్నారు. 'వెజిటేరియన్' అనే ఇంగ్లీషు మాటలో మొదటి మూడక్షరాలు, చివరి రెండక్షరాలు తీసి అతికించి 'వీగన్' అన్నారు.

కాలం చూడండి! రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. ఇంగ్లండులో 1940 జనవరి నుంచీ వెన్నకి రేషను. మాంసం కూపన్లు వదులుకున్న శాకాహారులకి బదులుగా సర్కారు ఛీజు కాస్త ఎక్కువిచ్చేది. వీళ్ళు ఆ ఛీజూ వద్దన్నారు. మరి ఏం వండుకునేవారు? ఆ ప్రశ్న మగవాళ్ళకి వచ్చిందో లేదో గాని, ఫే హెండర్సన్ అనే ఆవిడకి వచ్చింది. 1946లో వీగన్ల కోసం వంటల పుస్తకం రాసి పెట్టింది. సంఘం పెట్టిన రెండేళ్ళకి వంట తేలిందన్నమాట! వాట్సన్ మాత్రం తన నియమంతోనే 95 ఏళ్ళు బతికి 2005లో పోయాడు.

మాట కొత్తదే గాని, నియమం పాతది. వెయ్యేళ్ళ కిందట సిరియా దేశంలో అల్ మఆరీ అనే అంధకవి ఉండేవాడు. 973లో పుట్టి 1057లో పోయాడు. మాంసం, చేపలు, గుడ్లు, పాలు, ఆఖరికి తేనె కూడా మానేశాడు. తేనెటీగలు తమ కోసం కూడబెట్టుకున్నది మనం దోచుకోకూడదని ఆయన వాదం. ఆయనకి పెళ్ళి కాలేదు. కనక ఆ ఇంటి ఇల్లాలు పండగ పూట ఏం వండిందన్న ప్రశ్నే లేదు.

ఆ ప్రశ్నకి జవాబు దొరికింది మన గాంధీగారింట్లో.

1912లో దక్షిణాఫ్రికాలో, టాల్‌స్టాయ్ ఫారంలో ఉండగా ఆయన, స్నేహితుడు కాలెన్‌బాక్ పాలు మానేశారు. కలకత్తాలో ఆవుల్నీ గేదెల్నీ హింసపెట్టి ఆఖరి చుక్క దాకా పిండే 'ఫూకా' అనే పద్ధతి గురించి చదివి, ఆయన మనసు విరిగిపోయింది. పాలు ముట్టనని ఒట్టు పెట్టుకున్నారు. సరే, ఇండియా వచ్చేశారు. 1918లో ఖేడా జిల్లాలో యుద్ధానికి సైనికుల్ని చేర్చే పనిమీద ఊరూరా తిరుగుతూ, వేరుశనగ ముద్దా నిమ్మకాయలతో రోజులు వెళ్ళదీసి ఒళ్ళు పాడుచేసుకున్నారు. ఇంతలో ఆశ్రమంలో పండగొచ్చింది. ఆ పూట ఏమీ తిననన్నారు ఆయన. అయినా పండగ పూట మొగుడు పస్తుంటే ఏ ఇల్లాలి మనసు ఒప్పుకుంటుంది? కస్తూరిబా గోధుమలతో తియ్యటి జావ కాచింది. నెయ్యి పనికిరాదు గనక నూనె వేసింది. ఓ గిన్నెడు పెసలు కూడా విడిగా తీసి ఉంచింది. ఆవిణ్ణి సంతోషపెడదామని కొంచెం రుచి చూడబోయి, ఆయన కడుపునిండా తినేశారట. ఈ సంగతి తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు.

ఆ తరవాత జరిగింది చదివి నా కాళ్ళు చల్లబడ్డాయి. గంట తిరక్కుండా ఆయనకి విరేచనాలు పట్టుకున్నాయి! నెలల తరబడి మంచాన పడ్డారు. 1919 మొదట్లో బొంబాయిలో డాక్టర్ దలాల్, పాలు తాగితే గాని ఒంట్లో సత్తువ పుట్టదన్నాడు. ఒట్టుందన్నారు ఈయన. ఏమని ఒట్టన్నాడు డాక్టరు. ఆవుల్నీ గేదెల్నీ పెట్టే హింస గురించి ఈయన చెబుతున్నారు. మంచం పక్కన నిలబడ్డ కస్తూరిబా అంతా విని, "అయితే మేకపాలకి అభ్యంతరం లేదుగా?" అనేసింది!

ఎంతెంతమంది చెప్పినా వినని మనిషి ఆ ఒక్కమాటకి లొంగిపోయారు. ఒట్టులో అక్షరం నిలిచినా ఆత్మ పోయిందని ఆయన మనసు ఆ తరవాత కూడా పీకుతూనే ఉంది. 1931 నవంబరులో లండన్ శాకాహారుల సభలో మాట్లాడినప్పుడు, ఇటువంటి నియమాలు ఆరోగ్యం కోసమని పట్టుకుంటే నిలవవు, ధర్మమని పట్టుకుంటేనే నిలుస్తాయన్నారు. ఆయన వైపునించి అది నిజమే. నాకు మాత్రం మంచం పక్కన నిలబడ్డావిడే కళ్ళకి కట్టింది. చరిత్రలో ఒట్టు పెట్టుకున్న వాళ్ళ పేర్లుంటాయి. ఆ ఒట్టుకి భంగం రాకుండా, మనిషి ప్రాణానికి ముప్పు రాకుండా పొయ్యి దగ్గర దారి వెతికిన వాళ్ళ పేర్లు అంత తేలిగ్గా దొరకవు.

ఇదంతా అత్తగారికి చెప్పాను. ఆవిడ ఊఁ కొడుతూ విన్నారు గాని ఏమీ అనలేదు. అప్పుడు నాకే ఒకటి తట్టింది.

"అత్తయ్యగారూ, మీరు కాశీలో ఏం వదిలేశారు?"

"తెలీనట్టు అడుగుతావేమే? వంకాయ."

గుత్తివంకాయ కూరంటే ఆవిడకి ప్రాణం. మా మావగారు తెలివిగా తనకి గిట్టని కాకరకాయ వదిలేస్తే, ఆవిడ నిజంగా ఇష్టమైనదే వదిలారు. ఇరవై ఏళ్ళుగా, వంకాయ వండిన రోజున ఆవిడకి నేను వేరే కూర చేస్తూనే ఉన్నాను. ఎందుకు వదిలారని ఒక్కనాడూ ఎవరం అడగలేదు. ఆ మాట ఆవిడకి గుర్తు చేశానంతే. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. కోపమొచ్చిందనుకున్నాను.

తరవాత లెక్కేసి చూస్తే, మన పండగ వంటలో సగం పైగా వీగన్ వంటే! పులిహోర, ముక్కల పులుసు, చిక్కుడుకాయ కూర, కందిపొడి, గారెలు, వీటిలో పాలచుక్క ఏది? బూరెకి చిల్లు పెట్టి పోసే నెయ్యి, పాయసం, పెరుగు, ఇవే చిక్కు. కోనసీమలో కొబ్బరికి కరువా! బెల్లం పరమాన్నం కొబ్బరిపాలతో చేశాం. వేరుశనగ పాలు తీసి తోడేసి పెరుగు చెయ్యబోతే పొద్దున్నకి నీళ్ళు నీళ్ళుగా, పిండి పిండిగా విరిగి కూచుంది. దానికో దణ్ణం పెట్టి, చారన్నంతోనూ చక్కెరకేళీలతోనూ భోజనం ముగిద్దామనుకున్నాం. పెసలు మాత్రం, చెప్పొద్దూ, భయపడి వండలేదు.

ముందే చేసిన అరిసెలన్నీ నేతివే. పిల్లకి అరిసెలు లేవే అని నేను నొచ్చుకుంటుంటే, అత్తగారు చిన్న డబ్బా ఒకటి నా చేతికిచ్చారు. ఆవిడ ఎప్పుడు వండారో గాని, నూనెలో వేయించిన అరిసెలు!

దారిలో ఆలస్యమై వాళ్ళు కనుమ నాటికి గాని రాలేదు. పశువులకి పసుపూ కుంకుమా పెట్టి మొక్కే రోజది. మావాళ్ళు ఆవుల్ని కడుగుతుంటే ఆ అబ్బాయీ చీపురుకట్ట పట్టుకుని వెళ్ళాడు. అత్తగారు అరుగు మీంచి చూస్తూ కూచున్నారు.

భోజనాల దగ్గర వడ్డన ఆవిడదే. అలవాటు చొప్పున చెయ్యి నేతిగిన్నె కోసం వెతికి, ఆగి, నువ్వులనూనె గిన్నె అందుకుంది. అతని అన్నం మీద ఓ చెంచాడు వేస్తూ, చూడ్డానికొచ్చిన పక్కింటావిడతో అన్నారు: "నేను కాశీలో వంకాయ వదిలేసినట్టే, ఈ పిల్లాడు లెస్టర్‌లో నెయ్యి వదిలేశాడు. వాళ్ళకి అదే కాశీ కాబోలు!"

మా పిల్ల తలెత్తలేదు. విస్తట్లో అరిసె తుంచుతూ కళ్ళు తుడుచుకుంది. వాళ్ళమ్మ గుర్తొచ్చిందేమో. నేనూ చారు తెచ్చే వంకతో లోపలికి వెళ్ళాను.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. వీగన్లు బి-12 విటమిన్ విడిగా తీసుకోవాలని డాక్టర్లు చెబుతారుగా, మా పిల్ల ఆ మాత్రలు డబ్బాతో సహా చూపించింది. నా బెంగ అది కాదు. నూనె, పండగ, కడుపునిండా భోజనం... 1918 మళ్ళీ జరిగితేనో! తెల్లవారుతూనే గది తలుపు చప్పుడైంది. గబగబా వెళ్ళాను. అల్లుడు గుమ్మంలో నిలబడి, వచ్చీరాని తెలుగులో అడిగాడు: "పిన్నిగారూ, బూరె ఉందా?"