గోరుచుట్టు, కాలువ నీళ్ళు

తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో గోరుచుట్టు ఎరగని ఇల్లు ఉండదు. గోరు మొదట్లో చర్మం ఎర్రబడి, ఉబ్బి, రాత్రంతా వేలు సలుపుతుంటే కంటిమీద కునుకు రాదు. తెల్లారితే మాత్రం ఆ చెయ్యే పేడ తియ్యాలి, అంట్లు తోమాలి, నారు పీకాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత కట్టింది వడ్లు దంచిన చేతులే అయివుండాలి. ప్రాణం తీసే జబ్బు కాదు గనక వైద్యచరిత్రల్లో దీనికి చోటు దక్కలేదు. కూలి మనిషికి నాలుగు రోజుల పని పోగొట్టే జబ్బుకి చరిత్ర ఉండాలనే నా పట్టుదల.

పాతకాలం వాళ్ళు దీన్ని చిన్నచూపు చూడలేదు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో క్షుద్రరోగాల అధ్యాయం ఉంది. అందులో గోటి అడుగు మాంసంలో మంట, నొప్పి, చీము పుట్టించేది చిప్పం. దెబ్బ తగిలి గోరు నల్లబడి గరుకెక్కితే కునఖం. మూడోది అలసం: చెడ్డ బురద తగిలి కాలివేళ్ళ సందులు చెమ్మగిల్లి, దురద, మంట, నొప్పి పెట్టడం. చిప్పాన్ని వేడినీళ్ళతో తడిపి, కోసి, చెడు బయటికి పోనిచ్చి, నూనె రాసి, సర్జరసం (గుగ్గిలం) పొడి చల్లమన్నారు. ఇవాళ చీము పట్టిన వేలికి సర్జన్ చేసే పని కూడా మొదట కొయ్యడమే. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది అలసం. జబ్బుకి కారణంగా అక్కడ చెప్పింది బురదని.

ఇంటివైద్యం ఊళ్ళో దొరికేవాటితోనే నడిచింది. తెనాలిలో నిమ్మకాయల మార్కెట్టు ఉంది, పక్కనే దుగ్గిరాలలో పసుపు యార్డు ఉంది. నిమ్మకాయని ఒక పక్క కోసి, వేలు పట్టేంత గుంట చేసి, లోపల కాస్త పసుపూ ఉప్పూ వేసి వేలికి తొడుగుతారు. మొదట చురుక్కుమంటుంది, తర్వాత చల్లబడుతుంది. పులుపూ పసుపూ ఎంత పని చేస్తాయోగానీ, నిమ్మకాయ తొడిగిన వేలితో అంట్లు తోమడం కుదరదు. ఆ విశ్రాంతి సగం వైద్యమని నా నమ్మకం. లోపల చీము పట్టాక కూడా నిమ్మకాయతోనే రోజులు నెట్టడమే ప్రమాదం. ఆషాఢంలో పెట్టుకునే గోరింటాకు గోళ్ళని కాపాడుతుందని పెద్దలంటారు. ఆ ఆకులోని రంగుపదార్థం ప్రయోగశాలలో కొన్ని బూజుల్ని అణచిన మాట నిజమే. అంతమాత్రాన పుచ్చిన గోరు దానితో బాగుపడదు.

ఇక కాలువల సంగతి. 1833 కరువు గుంటూరు సీమని తుడిచిపెట్టింది. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది, పశ్చిమ డెల్టాకి కాలువలు వచ్చాయి, కొమ్మమూరు కాలువ కింద మాగాణి విస్తరించింది. ఆకలి తీర్చిన ఆ నీళ్ళే వేల చేతుల్ని, కాళ్ళని వారాల తరబడి నానబెట్టాయి. ఊడ్పుల రోజుల్లో ఒక ఆడకూలీ చెయ్యి దగ్గరగా చూడండి. గోటికీ చర్మానికీ మధ్య బిగువుగా అతుక్కుని ఉండవలసిన పల్చని పొర ఊడిపోయి ఉంటుంది. అక్కడ సన్నటి సందు, అందులో నల్లగా బురద. వేలికొసలు తెల్లగా నానిపోయి, గోరు మీద అడ్డంగా గాడులు పడి ఉంటాయి. నారుకట్ట విప్పి బొటనవేలితో మొక్క గుచ్చిన ప్రతిసారీ ఆ సందులోకి నీళ్ళు దిగుతాయి.

ఆస్పత్రి వైద్యం ఆలస్యంగా వచ్చింది. 1883లో గుంటూరు చేరిన మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో ఆడవాళ్ళకి ఆస్పత్రి తెరిచారు. 1912లో షికాగో సర్జన్ అలెన్ కనవెల్ చేతి ఇన్ఫెక్షన్ల మీద పెద్ద పుస్తకం రాశారు. వేలిలో చీము ఏ దారిన అరచేతికి పాకుతుందో, ఎక్కడ కోస్తే చెయ్యి దక్కుతుందో అందులో ఉంది. తర్వాత పెన్సిలిన్ వచ్చింది. 1948లో మన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ వచ్చింది. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వారి కుష్ఠు ఆస్పత్రి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. కుష్ఠులో నరాలు దెబ్బతిని చేతికి స్పర్శ పోతుంది. నొప్పి తెలియని మనిషి గోరుచుట్టుతోనే పని చేసుకుపోతాడు, చీము ఎముకదాకా దిగి వేలు పొట్టిదైపోతుంది. ఇవాళ షుగరు ముదిరి తిమ్మిరెక్కిన పాదాలకీ ఇదే ముప్పు.

గోరు పుచ్చడం వేరే కథ, అది ఎక్కువగా బూజు పని. బూజు మీద పనిచేసే గ్రీసియోఫుల్విన్‌ని 1939లోనే వేరుచేసినా, నోటిద్వారా ఇస్తే తామర తగ్గుతుందని తేలింది 1958లో, అదీ గినీపందుల మీద. 1990లలో టెర్బినఫిన్ వచ్చాక నెలల వైద్యం వారాలకి తగ్గింది. అయినా కాలి బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. మాత్రలు పూర్తిగా వాడి కూడా, గోరు మారలేదని మందుని తిట్టుకునేవాళ్ళు అందుకే ఎక్కువ.

నెలల తరబడి మానని గోరుచుట్టుకి కాండిడా అనే శిలీంధ్రమే మూలమని చాలాకాలం నమ్మి బూజు మందులే ఇచ్చారు. 2002లో చర్మవైద్యురాలు ఆంటొనెల్లా టోస్టి బృందం బూజు మాత్రల్నీ పైపూత స్టీరాయిడ్‌నీ పోల్చి చూస్తే, స్టీరాయిడే మెరుగ్గా పనిచేసింది. తడి, సబ్బు, పులుపు తగిలి చర్మం రేగడమే అసలు జబ్బు, శిలీంధ్రం వెనకాల వచ్చి చేరేదని ఇప్పటి అవగాహన. బురదని తప్పుపట్టిన సుశ్రుతుడి పక్కకే వైద్యం తిరిగి వచ్చింది. కానీ ఈ స్టీరాయిడ్ డాక్టరు చూసి, రోజులు లెక్కగట్టి ఇవ్వవలసింది. తామరకని మందుల షాపులో అడిగి తెచ్చుకునే మిశ్రమ ఆయింటుమెంట్లలో స్టీరాయిడ్, యాంటీబయోటిక్, బూజు మందు కలిసి ఉంటాయి. అవి తామరని పైకి అణచి లోపల ముదరబెడతాయి. టెర్బినఫిన్‌కి లొంగని కొత్తరకం తామర బూజుకి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని మన దేశం పేరే పెట్టారు. ఇది మనసుని కలచివేసే సంగతి.

డెల్టాలో ఇప్పుడు కొందరు రైతులు ఊడ్పులు మాని వడ్లు వెదజల్లుతున్నారు. నిజాంపట్నం, రేపల్లె వైపు రొయ్యల చెరువులు పెరిగాయి. పొలం పని తగ్గిన చోట ఆడవాళ్ళు రొయ్యలు వలిచే పనికి వెళ్తున్నారు. అక్కడ చేతులుండేది ఐసు నీళ్ళలో, పైగా రొయ్య ముల్లు గోటి సందులో గుచ్చుకుంటుంది. ఒట్టి రబ్బరు గ్లవుజు చాలదు, లోపల చెమట పట్టి చెయ్యి మళ్ళీ నానుతుంది. దాని కింద నూలు గ్లవుజు ఉండాలి, తడిసినప్పుడల్లా మార్చుకోవడానికి మరో జత ఇవ్వాలి, మధ్యలో చేతులు ఆరబెట్టుకునే వ్యవధి ఉండాలి. ఆ వ్యవధికి కూలి కొయ్యకూడదు.