జబ్బు రాని టీకా, టీకా రాని జబ్బు

1976 అక్టోబర్ 14. అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, కెమెరాల ముందు ఫ్లూ టీకా వేయించుకున్నాడు. నాయకులు సూది వేయించుకుంటూ ఫోటో దిగడం 2021లో మనకి బాగా అలవాటైపోయింది. ఫోర్డ్ తొందర వేరు. అంతకు మూడు రోజుల ముందు పిట్స్‌బర్గ్‌లో, ఒకే క్లినిక్‌లో అదే టీకా వేయించుకున్న ముగ్గురు వృద్ధులు రోజు తిరక్కుండా చనిపోయారు. ముగ్గురికీ ముందునుంచీ గుండెజబ్బు ఉంది. కానీ ఇలాంటి వార్తల్లో ‘టీకా తర్వాత మృతి’ అన్నది హెడ్డింగులో ఉంటుంది, గుండెజబ్బు సంగతి లోపల ఎక్కడో ఉంటుంది. పలు రాష్ట్రాలు టీకాలు ఆపేశాయి. ఫోర్డ్ చెయ్యి చాపింది అందుకు.

ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ టీకా ఏ జబ్బు కోసం తయారైందో ఆ జబ్బు జనంలో వ్యాపిస్తున్న జాడ అప్పటికి ఎనిమిది నెలలుగా ఎక్కడా లేదు.

మహమ్మారి టీకాల చరిత్ర చదువుతుంటే నాకు పదే పదే కనపడేది ఒకటుంది. టీకా కోసం తోసుకునేవాళ్ళు, టీకా అంటే జంకేవాళ్ళు రెండు వేరువేరు జాతుల మనుషులు కారు. చాలాసార్లు వాళ్ళే వీళ్ళు, కొద్ది నెలల తేడాలో. 2021 మే నెలలో కోవిన్‌లో స్లాటు కోసం ఫోను పట్టుకుని కూర్చున్నవాళ్ళే 2022లో మూడో డోసు మాటెత్తితే ‘చూద్దాంలే’ అన్నారు. నేనూ అన్నాను. మధ్యలో మాకెవరికీ సైన్సు మీద నమ్మకం పోలేదు. భయం పోయింది, అంతే.

ఫోర్ట్ డిక్స్‌తో మొదలెడదాం. న్యూజెర్సీలో ఉన్న ఈ సైనిక శిబిరంలో 1976 జనవరిలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి జ్వరాలు వచ్చాయి. ఫిబ్రవరి మొదట్లో 19 ఏళ్ళ సైనికుడొకడు జ్వరంతోనే కవాతుకి వెళ్ళి కుప్పకూలి చనిపోయాడు. పరీక్షల్లో పందుల్లో తిరిగే ఫ్లూ వైరస్ బయటపడింది. జబ్బుపడినట్టు తేలింది 13 మంది. రక్తపరీక్షలు చేస్తే మరో 200 మందికి పైగా సోకి వెళ్ళిపోయిందని తెలిసింది. సంఖ్య చిన్నదే, పేరే పెద్దది. పందుల ఫ్లూ వైరస్ 1918 మహమ్మారికి దగ్గరి చుట్టమని 1930లలో రిచర్డ్ షోప్ పరిశోధనల నాటినుంచీ శాస్త్రవేత్తల నమ్మకం. 1918 అంటే ఒక్క మన దేశంలోనే కోటికి పైగా మందిని తీసుకుపోయిన జ్వరం. 1976 నాటికి దానికి 58 ఏళ్ళు. అప్పటి పిల్లలు ఇంకా బతికే ఉన్నారు.

అమెరికా అంటువ్యాధుల నియంత్రణ కేంద్రం, అదే సీడీసీ, దాని అధిపతి డేవిడ్ సెన్సర్ మార్చిలో ఒక నోట్ రాశాడు. దాని సారాంశం ఇది: టీకా చేసి జబ్బు రాకపోతే డబ్బు దండగ. టీకా లేక జబ్బు వస్తే ప్రాణాలు పోతాయి. ప్రశ్నని ఇలా పెట్టాక ఏ రాజకీయ నాయకుడైనా ఏం చెబుతాడు? మూడో దారి ఒకటుందని సలహా సంఘంలోనే రసెల్ అలెగ్జాండర్ అనే ప్రొఫెసర్ గుర్తుచేశాడు. టీకా తయారుచేసి నిల్వ పెట్టుకుందాం, జబ్బు ఇంకో చోట కనిపించినప్పుడు వేద్దాం అన్నది ఆయన ఆలోచన. ఫ్లూ విమానమెక్కి పాకుతుంది, సూదులు అంత వేగంగా వెయ్యలేం అన్నది దానికి జవాబు. రెండు వాదాల్లోనూ బలం ఉంది. కానీ మూడోది పైదాకా ఒక గట్టి ప్రత్యామ్నాయంగా వెళ్ళలేదు.

మార్చి 24న ఫోర్డ్ పెద్ద పెద్ద శాస్త్రవేత్తలని వైట్‌హౌస్‌కి పిలిచాడు. పోలియో టీకాలతో ఇంటింటా పేరున్న జోనస్ సాల్క్, ఆల్బర్ట్ సేబిన్ కూడా వచ్చారు. ఒకరంటే ఒకరికి పడని ఇద్దరూ ఆ రోజు ఒకే మాట మీద ఉన్నారు. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని ఫోర్డ్ అడిగాడు. లేదు. అందరి ముందూ చెప్పడానికి మొహమాటమైతే పక్కగదిలో కాసేపు ఉంటాను, వచ్చి చెప్పమన్నాడు. ఎవరూ వెళ్ళలేదు. ఆ తర్వాత టీవీలో అమెరికాలో ప్రతి మగా ఆడా పిల్లా టీకా వేయించుకోవాలని ప్రకటించాడు. ఖర్చు 13.5 కోట్ల డాలర్లు. సరిగ్గా ముందురోజే నార్త్ కరోలైనా ప్రైమరీలో రీగన్ చేతిలో ఫోర్డ్ ఓడిపోయాడు. ఆ రెండు తారీఖులు పక్కపక్కన పడటంతో ఇది ఎన్నికల టీకా అన్న అనుమానం పుట్టుకతోనే దానికి అంటుకుంది. నా మటుకు నాకు ఫోర్డ్ నిజాయితీగానే భయపడ్డాడనిపిస్తుంది. ఆ గదిలో మౌనంగా కూర్చున్నవాళ్ళ గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను. సేబిన్ ఆ ఏడాది గడవక ముందే మనసు మార్చుకుని, టీకాని నిల్వ పెడితే చాలని బయట చెప్పడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటుకి వచ్చాం. ఈ టీకాని మొట్టమొదట గట్టిగా శంకించింది ఎవరు? పల్లెటూరివాళ్ళూ కాదు, మతపెద్దలూ కాదు, పుకార్లరాయుళ్ళూ కాదు. బీమా కంపెనీలు. టీకా మంచిది కాదని వాళ్ళు అనలేదు. కొన్ని కోట్లమందికి సూది గుచ్చితే ఆ తర్వాతి వారంలో ఎందరికో ఏదో ఒకటి అవుతుంది, అందులో కొందరు కోర్టుకెక్కుతారు, టీకా తప్పు లేదని తేల్చుకోవడానికే మా ఆస్తులు కరిగిపోతాయి అన్నారు. అంతకు రెండేళ్ళ ముందే ఒక పోలియో చుక్కల కేసులో, ప్రమాదం గురించి తల్లిదండ్రులకి నేరుగా చెప్పనందుకు తయారీదారుదే బాధ్యత అని అప్పీలు కోర్టు తీర్పునిచ్చింది. బీమా లేనిదే టీకా సీసాల్లో నింపం అన్నారు తయారీదారులు. వేసవి అంతా అలా గడిచింది. ఈలోగా ఒక కంపెనీ పొరపాటున వేరే రకం వైరస్‌తో ఇరవై లక్షల డోసులు తయారుచేసింది కూడా.

ముడి విప్పింది శాస్త్రమూ కాదు, తర్కమూ కాదు. జూలై చివర్లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల మహాసభ జరిగింది. ఇళ్ళకి వెళ్ళినవాళ్ళు న్యుమోనియాతో రాలిపోవడం మొదలైంది. వచ్చేసింది అనుకున్నారు అందరూ. కొద్ది రోజుల్లోనే అది ఫ్లూ కాదని తేలింది. దాన్నే తర్వాత లీజనేర్స్ వ్యాధి అన్నారు. కానీ ఆ వణుకు అలాగే ఉంది. ఆగస్టు 12న చట్టం వచ్చింది: టీకా వల్ల నష్టం జరిగిందనే దావాలు కంపెనీల మీద కాదు, ప్రభుత్వం మీద వేసుకోవాలి. అంటే మహమ్మారి టీకా చట్టానికి ఊపిరి పోసింది ఫ్లూకి ఏ సంబంధమూ లేని ఒక బాక్టీరియా.

చట్టమైతే వచ్చింది. మామూలు మనిషికి మాత్రం వేరే సంగతి అర్థమైంది: దీనికి బీమా కట్టడానికి బీమా కంపెనీలే ఒప్పుకోలేదట. ఈ మాట విన్నాక మీరైతే వేయించుకుంటారా? ఆగస్టు చివర్లో గాలప్ సర్వేలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఈ టీకా గురించి విన్నామన్నారు. వేయించుకుంటామన్నది సగానికి కాస్త పైన.

అక్టోబర్ 1న టీకాలు మొదలయ్యాయి. పిట్స్‌బర్గ్ మరణాలు టీకా వల్ల కాదని తేలింది. నిజానికి అది ముందే తెలిసిన లెక్క. డెబ్భై దాటిన గుండెజబ్బు మనుషులని వేలల్లో వరసలో నిలబెడితే, టీకా వేసినా వెయ్యకపోయినా వాళ్ళలో కొందరు ఆ వారంలో పోతారు. ఆ లెక్క అధికారుల దగ్గర ఉంది. జనానికి ముందుగా గట్టిగా చెప్పలేదు. చనిపోయాక చెబితే అది సంజాయిషీలాగే వినిపిస్తుంది.

నవంబర్ మొదట్లో ఫోర్డ్ ఎన్నికల్లో ఓడిపోయాడు. ఆ నెలలోనే మిన్నసోటా నుంచి ఇంకో కబురు వచ్చింది. ఈసారిది కాకతాళీయం కాదు. టీకా వేయించుకున్న కొందరికి కాళ్ళనుంచి మొదలై ఒళ్ళంతా చచ్చుబడుతోంది. గిలాన్ బారే సిండ్రోమ్. 2025 మొదట్లో పుణెలో కేసులు వచ్చినప్పుడు మన పేపర్లు జీబీఎస్ అని రాశాయే, అదే. మామూలుగానే ఏడాదికి లక్షలో ఒకరిద్దరికి వచ్చే జబ్బు. ఈ టీకాతో అదనంగా మరో లక్షకి ఒకరు చొప్పున వచ్చిందని లెక్కతేలింది. డిసెంబర్ 16న కార్యక్రమం ఆపేశారు. అప్పటికి నాలుగు కోట్లమందికి పైగా టీకా వేశారు. స్వైన్ ఫ్లూతో పోయిన ప్రాణం, ఆ సైనికుడిదొక్కటే. ప్రభుత్వం మీద నాలుగు వేలకు పైగా క్లెయిములు పడ్డాయి.

లక్షకి ఒకరు. నిజంగా 1918 లాంటి జ్వరం వచ్చి ఉంటే ఈ అంకెని ఎవరూ తల తిప్పి కూడా చూసేవారు కారు. రాలేదు కాబట్టి త్రాసులో రెండో తక్కెడ ఖాళీ. ఖాళీ తక్కెడ ఎదుట గడ్డిపరకైనా బరువే. అదే సమయంలో ఇంకోటి కూడా నిజం: అనుమానపడినవాళ్ళు తెలివితక్కువగా అనుమానపడలేదు. ఆ ముగ్గురు వృద్ధుల విషయంలో వాళ్ళ భయం తప్పు, జీబీఎస్ విషయంలో ఒప్పు. రెండిటినీ అక్టోబర్‌లో విడదీసి చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

1977లో కొత్త ప్రభుత్వం సెన్సర్‌ని ఇంటికి పంపింది. కొత్త ఆరోగ్య కార్యదర్శి జోసెఫ్ కాలిఫానో ఈ వ్యవహారం ఎక్కడ బెడిసికొట్టిందో రాసిపెట్టమని హార్వర్డ్‌లో రిచర్డ్ న్యూస్టాట్, హార్వే ఫైన్‌బర్గ్‌లని అడిగాడు. ఆ పుస్తకం 1978లో వచ్చింది. జబ్బు ఎంత తీవ్రమైనదో, ఎంత వేగంగా పాకుతుందో, టీకా ఎప్పుడు వెయ్యాలో, ఇవన్నీ వేరువేరు ప్రశ్నలు. అన్నిటినీ ఒకే రోజు ఒకే నిర్ణయంలో కట్టేశారన్నది అందులో ముఖ్యమైన విమర్శ.

33 ఏళ్ళ తర్వాత పందుల ఫ్లూ నిజంగానే వచ్చింది. 2009 ఏప్రిల్‌లో మెక్సికో, కాలిఫోర్నియా. మే నెలలో మన దేశంలో తొలి కేసు అమెరికా నుంచి హైదరాబాద్‌లో దిగిన ప్రయాణికుడిది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి అని ప్రకటించింది. ఈసారి జబ్బుంది, టీకా లేదు. కోడిగుడ్లలో ఈ వైరస్ అనుకున్నంత జోరుగా పెరగలేదు. అక్టోబర్‌కల్లా 12 కోట్ల డోసులని అమెరికా వేసవిలో వేసిన అంచనా, నెలాఖరుకి మూడు కోట్లు కూడా దాటలేదు. గర్భిణులు, చంటిపిల్లల తల్లులు గంటల తరబడి వరసల్లో నిలబడ్డారు. న్యూయార్క్‌లో పెద్ద బ్యాంకులకి డోసులు వెళ్ళాయని తెలిసి జనం మండిపడ్డారు. కెనడాలో ఒక హాకీ జట్టు ఆటగాళ్ళకి వరస తప్పించి టీకా వేసినందుకు ఉద్యోగాలు పోయాయి. రెండు నెలలు తిరిగేసరికి అల తగ్గింది, వరసలు కరిగిపోయాయి, అదే టీకా కోట్ల డోసుల్లో మిగిలిపోయింది.

ఫ్రాన్స్ సంగతి మరీను. ఆరున్నర కోట్ల జనాభాకి 9.4 కోట్ల డోసులు కొన్నది. ఊళ్ళో డాక్టర్లని పక్కనపెట్టి జిమ్నాసియాల్లో టీకాలు పెట్టింది. వేయించుకున్నది అరవై లక్షల లోపు. పన్నెండేళ్ళుగా చూస్తున్న డాక్టరు చెబితే వినే మనిషి, తెలియని హాల్లో తెలియని నర్సు చెబితే వింటాడా? జర్మనీలో సైన్యానికీ ప్రభుత్వ ఉద్యోగులకీ ఒక రకం టీకా, జనానికి ఇంకో రకం అని బయటపడింది. రెండూ సురక్షితమే అని ఎన్ని చెప్పినా, మరి మీరు మాది ఎందుకు వేయించుకోరు అన్న ప్రశ్నకి ఎవరూ సరైన సమాధానం చెప్పలేకపోయారు.

స్వీడన్, ఫిన్లండ్ జనం మాత్రం ప్రభుత్వాన్ని నమ్మారు, వరసల్లో నిలబడి వేయించుకున్నారు. 2010 ఆగస్టులో ఆ రెండు దేశాల నుంచే వార్త వచ్చింది. పాండెమ్రిక్స్ అనే టీకా వేయించుకున్న పిల్లల్లో నార్కోలెప్సీ, ఉన్నట్టుండి పగలే నిద్రలోకి జారిపోయే జబ్బు, కనిపిస్తోంది. ఫిన్లండ్‌లో 4 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో సుమారు 16 వేలమందికి ఒకరు. నమ్మనివాళ్ళకి ఏం కాలేదు, నమ్మినవాళ్ళ పిల్లలకి అయింది. ఈ వాక్యం రాయడానికి నాకు ఇబ్బందిగా ఉంది. టీకాలంటే గిట్టనివాళ్ళు దీన్ని ఎలా వాడుకుంటారో తెలుసు. అయినా రాయకుండా దాటెయ్యడమే, 1976లో ముందు చెప్పకుండా ఊరుకున్నవాళ్ళు చేసిన పని.

మనదగ్గర 2010 వేసవిలో జైడస్ టీకా, ఆ తర్వాత సీరమ్ వాళ్ళ ముక్కులో చిలకరించేది వచ్చాయి. ఆగస్టు 10న మహమ్మారి అయిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. తొలి కేసు దిగిన హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ తన స్వైన్ ఫ్లూ టీకాని విడుదల చేసేసరికి 2010 చివర. ఆగస్టు 2009లో పుణెలో మాస్కులు కట్టుకుని నాయుడు ఆసుపత్రి ముందు బారులు తీరిన జనం అప్పటికి దాన్ని మర్చిపోయారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మహమ్మారిని ఎలా ఎదుర్కొందో విచారించిన సంఘానికి అధ్యక్షుడిగా హార్వే ఫైన్‌బర్గ్‌నే పెట్టుకున్నారు. సెన్సర్ 2006లో మళ్ళీ వెనక్కి చూస్తూ ఒక వ్యాసం రాశాడు. ప్రాణాల విషయంలో తక్కువ చేయడంకన్నా ఎక్కువ చేయడమే నయం అన్న మాట నుంచి ఆయన పక్కకి జరగలేదు.

2009లో సీడీసీ వాళ్ళు 1976 నాటి టీకా ప్రయోగాల్లో తీసి ఫ్రీజర్లలో దాచిన రక్తపు నమూనాలని బయటికి తీశారు. కొత్త వైరస్‌తో కలిపి చూశారు. అప్పటి టీకా పడిన రక్తం చాలామటుకు ఈ వైరస్‌ని గుర్తుపట్టింది. మరుసటి ఏడాది మెంఫిస్‌లోని ఒక పరిశోధనాసుపత్రిలో, 1976లో టీకా వేయించుకున్నామని చెప్పిన పెద్దవాళ్ళ రక్తం తీసి చూశారు. వేయించుకోనివాళ్ళకన్నా వాళ్ళ రక్తంలో 2009 వైరస్‌ని అడ్డుకునే శక్తి ఎక్కువగా కనిపించింది.