డెబియన్ ఇంట వేరు కాపురాలు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ఆపేసింది. అప్పటినుంచి హన్మకొండలోని మా రిపేరు షాపుకి ఎనిమిదేళ్ల, పదేళ్ల కంప్యూటర్లు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో చాలావాటిని విండోస్ 11 ఒప్పుకోదు. ఎస్ఎస్‌డీ వేసి లినక్స్ ఎక్కించమంటారు. ముందే యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూసొచ్చినవాళ్లయితే ఇంకో మాట కూడా అడుగుతారు: "అన్నా, ఉబుంటు పెడ్తవా, మింటా, డెబియనా? మూడూ ఒక్కతీరుగనే ఉన్నయి గదా!"

నిజమే, ఒక్కతీరుగానే ఉంటాయి. మూడింట్లోనూ ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీస్ ఉంటాయి. టెర్మినల్‌లో కొట్టే ఆప్ట్ కమాండ్ కూడా ఒకటే. కానీ మూడూ మూడు వేర్వేరు అసంతృప్తుల్లోంచి పుట్టాయి. ఎవరు దేనికి విసిగి వేరు కాపురం పెట్టారో తెలిస్తే, మన ఇంటికి ఏది నప్పుతుందో తేల్చుకోవడం సులువు. అందుకే నన్ను అడిగినవాళ్లకు నేను ముందు ఈ చరిత్రే చెబుతాను.

1991లో హెల్సింకి విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లోకానికిచ్చింది లినక్స్ కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే మూలభాగం ఒక్కటే. దానికి గ్నూ పనిముట్లు, ఇన్‌స్టాలర్, మిగతా సాఫ్ట్‌వేర్ చేర్చి ఒక మూటగా కట్టి ఇచ్చేదే డిస్ట్రిబ్యూషన్, పొట్టిగా డిస్ట్రో. 1992లో పీటర్ మెక్‌డొనాల్డ్ కట్టిన ఎస్ఎల్ఎస్ తొలినాళ్లలో బాగా వాడకంలో ఉండేది, కానీ దాన్నిండా లోపాలే. ఆ లోపాలను సరిదిద్దుతూ పోయిన ప్యాట్రిక్ వోల్కర్డింగ్ 1993 జులైలో స్లాక్‌వేర్ విడుదల చేశాడు. నెల తిరక్కుండానే, ఆగస్టు 16న, పర్డ్యూ యూనివర్సిటీ విద్యార్థి ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రకటించాడు. తనకు కాబోయే భార్య డెబ్రా పేరునూ తన పేరునూ కలిపి దానికి ఆ పేరు పెట్టాడు. డిస్ట్రోను ఒక్కడు హడావిడిగా కట్టి వదిలేయకూడదని, పదిమంది కలిసి అందరి కళ్లముందు శ్రద్ధగా తయారుచేసి, అంతే శ్రద్ధగా కాపాడుకోవాలని అతని పట్టుదల.

ఆ పట్టుదలే డెబియన్‌కు బలమైంది. దానికి యజమాని లేడు. పెద్ద నిర్ణయాలు వలంటీర్ల ఓట్లతో జరుగుతాయి. పూర్తిగా సిద్ధమయ్యేదాకా విడుదల ఉండదు. అందులోనే చిక్కూ ఉంది. 3.0 వెర్షన్ 2002 జులైలో వస్తే, 3.1 కోసం 2005 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మూడేళ్లలో మార్కెట్‌లోకి వచ్చిన కొత్త హార్డ్‌వేర్‌ను పాత కెర్నల్ గుర్తుపట్టేది కాదు.

ఈ ఎదురుచూపుకు విసిగినవాడు దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్. 1990లలో అతనూ డెబియన్‌లో పనిచేసినవాడే. డెబియన్ ప్యాకేజీలే తీసుకుని 2004 అక్టోబర్‌లో ఉబుంటు 4.10 విడుదల చేశాడు. ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ తెస్తామన్నాడు. అడిగినవాళ్లకు, పోస్టు ఖర్చు కూడా లేకుండా, ఇంటికే సీడీలు పంపాడు. ఇంటర్నెట్ నత్తనడక నడిచే ఆ రోజుల్లో మన ఊళ్ల కాలేజీ పిల్లలకు ఆ సీడీ ఎంత గొప్పగా అనిపించేదో, అది అందుకున్నవాళ్లకే తెలుసు.

అయినా ఉబుంటు ఎక్కించగానే ఇంట్లో ఉన్న ఎంపీ3 పాటలు పాడేవి కావు. పేటెంట్ల భయంతో వాటికి కావలసిన కోడెక్‌లను అందులో పెట్టేవారు కాదు. 2006లో క్లెమెంట్ లెఫెవ్ర్ ఉబుంటు ఆధారంగా మొదలుపెట్టిన లినక్స్ మింట్ వాటిని ముందే చేర్చి ఇచ్చింది. 2011లో ఉబుంటు యూనిటీ అనే కొత్త డెస్క్‌టాప్‌కు మారింది. అంతకుముందు ఉబుంటు వాడిన గ్నోమ్ డెస్క్‌టాప్ కూడా మూడో వెర్షన్‌తో పూర్తిగా రూపం మార్చేసింది. కింద ప్యానెల్, మూలన మెనూ అలవాటైనవాళ్లు అయోమయంలో పడ్డారు. వాళ్లకోసం మింట్ సినమన్ డెస్క్‌టాప్ తయారుచేసింది. 2020లో మళ్లీ పేచీ వచ్చింది. ఉబుంటులో ఆప్ట్‌తో క్రోమియం పెట్టబోతే, ఉబుంటును తయారుచేసే కానానికల్ కంపెనీ సర్వర్ నుంచి స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీ దిగేది. వాడేవాణ్ని అడగకుండా ఇలా చేయడం తగదని మింట్ 20లో స్నాప్‌ను ఆపేశారు.

ఈ వంశక్రమాన్ని చూడాలంటే మింట్ 22 ఉన్న కంప్యూటర్ చాలు. సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచి దించుకోవాలో రాసి ఉండే చిన్న ఫైలు తెరవండి. పై వరుసలో విల్మా అని ఉంటుంది, అది మింట్ 22 పేరు. కింది వరుసల్లో నోబుల్ అని ఉంటుంది, అది ఉబుంటు 24.04. ఇక డెబియన్ వెర్షన్ చెప్పే ఫైలు తెరిస్తే ట్రిక్సీ, సిడ్ అన్న పేర్లు కనిపిస్తాయి. రెండూ టాయ్ స్టోరీ సినిమాల్లోని పాత్రలు. సిడ్ అందులో బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడు. డెబియన్‌లో ఇంకా కుదుటపడని ప్యాకేజీలన్నీ ఎప్పుడూ ఆ పేరు కిందే ఉంటాయి. ఉబుంటు తన పునాది అక్కడినుంచే తెచ్చుకుంటుంది.

డెబియన్ కూడా ఉన్నచోటే ఉండిపోలేదు. సోర్స్ బయటపెట్టని ఫర్మ్‌వేర్‌ను తమ ఇన్‌స్టాలర్‌లో ఉంచకూడదని చాలాకాలం నియమం పాటించారు. దానివల్ల ఎన్నో ల్యాప్‌టాప్‌లలో వైఫై పనిచేసేది కాదు. 2022లో ఓటు వేసి ఆ నియమం సడలించుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఇబ్బంది చాలావరకు తీరింది.

ఇదంతా విన్నాక నా సలహా ఏమిటంటే: విండోస్‌కు అలవాటుపడిన పెద్దవాళ్లుంటే, చెప్పాపెట్టకుండా ఏదీ మారకూడదనుకుంటే మింట్ పెట్టుకోండి. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకు, కోడింగ్ నేర్చుకునే పిల్లలకు ఉబుంటు మంచిది. అందులోనూ ఐదేళ్ల మద్దతుండే ఎల్‌టీఎస్ వెర్షనే ఎంచుకోండి, మిగతావాటికి తొమ్మిది నెలలే గడువు. కంపెనీ మాట మీద ఆధారపడటం ఇష్టం లేక, నాలుగు కమాండ్లు నేర్చుకునే ఓపిక ఉంటే నేరుగా డెబియన్‌కే రండి. ఏదైనా సరే, ఇన్‌స్టాల్ చేసేముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్, ప్రింటర్, తెలుగు టైపింగ్ చూసుకోండి.

మింట్ వాళ్లే 2010 నుంచి నేరుగా డెబియన్ మీద కట్టిన ఎల్ఎమ్‌డీఈ అనే మరో కూర్పును నడుపుతున్నారు. ఏ కారణం చేతైనా ఉబుంటు ఆధారం పోతే తమను నమ్మినవాళ్లు నడిరోడ్డు మీద పడకూడదని వాళ్ల ముందుచూపు. ఇంటి కంప్యూటర్‌ను నమ్మి అప్పగించేటప్పుడు నేను రంగులూ హంగులకన్నా ఆ ముందుచూపుకే ఎక్కువ విలువిస్తాను.