తెల్లటి పొర

గత వేసవిలో తెనాలిలో మా అమ్మ వాళ్లింట్లో డిష్‌వాషర్ మొరాయించింది. గాజు గ్లాసుల మీద తెల్లటి పొర, పై అర గిన్నెలకు ఎండి అతుక్కున్న మెతుకులు, అడుగున కదలకుండా నిలబడిపోయిన జిడ్డునీళ్లు. సర్వీసు వాళ్లకి ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి "ఒకసారి సార్‌కి ఇవ్వండి మేడమ్" అన్నాడు. ఆ సార్, అంటే మా నాన్న, ఆ యంత్రం తలుపు ఏనాడూ తెరిచి ఎరగడు. మనిషిని పంపిస్తామన్నారు. తొమ్మిది రోజులు ఎవరూ రాలేదు.

ఆ తొమ్మిది రోజుల్లో ఏం జరిగింది? మోకాళ్ల నొప్పులున్న అమ్మ మళ్లీ పెరట్లో పంపు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. నాలుగో రోజున, 2020లో మానిపించిన పనామెకి కబురు వెళ్లింది. ఆమె వచ్చింది. నాన్న దినచర్యలో మాత్రం ఏ మార్పూ లేదు. యంత్రం పనిచేస్తున్నంతకాలం ఆ పని ఎవరిదీ కానట్టే ఉంటుంది. ఆగిపోయినప్పుడు అది తిరిగి ఎవరి చేతుల్లోకి వెళుతుందో చూస్తే, ఇంతకాలమూ దాన్ని ఎవరి పనిగా అనుకుంటున్నామో తెలిసిపోతుంది.

ఈ యంత్రాన్ని జనం వాడుకోదగ్గ రూపానికి తెచ్చింది ఒక స్త్రీ. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో, షెల్బీవిల్ అనే ఊళ్లో ఉన్న జోసెఫీన్ కాక్రన్. ఆమెకి 1886 డిసెంబరు 28న పేటెంటు వచ్చింది. అంతకుముందే కొందరు మగవాళ్లు అంట్ల యంత్రాలు చేశారు గానీ అవి నిలబడలేదు. గిన్నెలను తీగల అరల్లో కదలకుండా అమర్చి, వాటి మీదికి నీటిని ఒత్తిడితో చిమ్మించడం ఆమె పద్ధతి. ఇప్పటి యంత్రాలదీ అదే సూత్రం. 1883లో భర్త అప్పులు మిగిల్చి చనిపోయాక, అంతవరకూ ఆలోచనగా ఉన్నది బతుకుతెరువు అయింది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆమె యంత్రాలకి బాగా పేరొచ్చింది. కొన్నది మాత్రం ఎక్కువగా హోటళ్లూ ఆసుపత్రులే. ఆనాటి ఇళ్లలో అంత వేడినీళ్లు ఎక్కడివి? ఆమె 1913లో చనిపోయింది. 1926లో ఆమె కంపెనీని హోబార్ట్ సంస్థ కొనుక్కుంది. అమెరికా ఇళ్లలోకి ఈ యంత్రం విస్తారంగా వచ్చింది రెండో ప్రపంచయుద్ధం తర్వాతే.

తను పెట్టుకున్న పనివాళ్లు తన మాట వినకుండా, ముందు వాళ్ల పద్ధతిలో చేసి విఫలమయ్యాకే తన దారికి వచ్చేవాళ్లని కాక్రన్ చెప్పుకుంది. ఆర్డరు కోసం ఒంటరిగా ఒక హోటలు హాలు దాటి వెళ్లడం ఎంత కష్టమైందో కూడా చెప్పింది. "సార్‌కి ఇవ్వండి" అన్న మాటకి అంత వయసుందన్నమాట. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె ఈ పనికి పూనుకోవడానికి కారణం అంట్లు తోమి చేతులు అరిగిపోవడం కాదు. ఖరీదైన పింగాణీ పళ్లేలు పనివాళ్ల చేతుల్లో పెచ్చులు ఊడుతున్నాయని. యంత్రం చరిత్రలో కాక్రన్ పేరు దొరుకుతుంది. ఆ పళ్లేలు తోమినవాళ్ల పేర్లు దొరకవు.

మన దగ్గరా అంతే. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలవల వెంట వరి పెరిగింది. వరి వెంట ఊక, ఊక వెంట బూడిద. డెల్టాలో అంట్లకి బూడిద కొదవ ఎప్పుడూ లేదు. మసికి ఇసకా కొబ్బరిపీచూ, ఇత్తడికి చింతపండు. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుము పడుతుంది కాబట్టి లోపల కళాయి ఉండాలి. కళాయివాడు వీధిలో కొలిమి పెట్టి, గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, తగరం పూసి గుడ్డతో తిప్పేవాడు. చిల్లులకు మాట్లు వేసేవాళ్లు వేరే వచ్చేవారు. స్టీలు సామాను వచ్చాక ఈ కేకలు వినబడటం మానేశాయి. బాగుచేయడం వీధిలో జరిగితే అది వృత్తి, దానికి కూలి. అదే గిన్నెని రోజుకి రెండుపూటలా పెరట్లో బాగుచేస్తే అది చాకిరీ.

ఆ చాకిరీలోనూ అందరూ ఒకటి కాదు. పనామె తోమి బోర్లించిన గిన్నెల మీద మళ్లీ నీళ్లు పోసుకుని గానీ లోపలికి తెచ్చుకోని ఇళ్లు నా చిన్నప్పుడు మా వీధిలో ఉండేవి. మా ఇల్లూ అందులో ఒకటి. ఎంగిలి పోగొట్టేవీ ఆ చేతులే, మైల చేసేవీ ఆ చేతులే! అమ్మ యంత్రం కడిగిన గిన్నె మీద ఏనాడూ నీళ్లు పోయలేదు. సాహిత్యంలో వంటింటి గురించి ఇన్నేళ్లు చదివి, బాపట్లలో పిల్లలకి పాఠాలు చెప్పే నాకు ఈ తేడా ఆ వేసవిదాకా తట్టలేదు.

తొమ్మిదో రోజున నేనే కూర్చున్నాను. ముందు రేపల్లెలో ఉన్న పిన్నికి ఫోన్ చేస్తే, ఆమె తెల్లపొర మాట వినగానే "మా బోరు నీళ్లకి కాగు అడుగున ఇట్లాగే సున్నం కడుతుందే. నిమ్మఉప్పేసి మరగబెట్టు" అంది. విషయమంతా అందులోనే ఉంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలే వేడికి పొరలు కడతాయి. యంత్రం అడుగున రెజిన్ గుళికలుండే చిన్న గది ఉంటుంది. అవి ఆ లవణాలను పట్టుకుని, బదులుగా సోడియంను వదులుతాయి. గుళికల శక్తి అయిపోతే ఉప్పునీటితో మళ్లీ పుంజుకుంటాయి. అందుకే ఉప్పు పోయాలి. మా ఇంట్లో ఆ డబ్బా ఎన్నాళ్లనుంచో ఖాళీ. చినగంజాం ఉప్పుకొఠార్లున్న జిల్లాలో ఉద్యోగం చేస్తూ యంత్రానికి ఉప్పు లేక ఇబ్బంది పడ్డాం! మామూలు వంట ఉప్పు దీనికి పనికిరాదు. దాంట్లో కలిపే పదార్థాలు గుళికలను పాడుచేస్తాయి.

కరెంటు తీసేసి, నీటి పంపు కట్టేసి, అడుగు నీళ్లు చెంబుతో తోడాను. ఫిల్టరు తిప్పి తీస్తే మెతుకులూ కరివేపాకూ. నీళ్లు చిమ్మే చేతుల రంధ్రాలు సున్నంతో పూడిపోయాయి. పుల్లతో పొడిచి, నిమ్మఉప్పు నీళ్లలో నానేశాను. మురుగు తోడే పంపు మూత తీస్తే అక్కడ ఇరుక్కుని ఒక చింతగింజ. పక్కనే నిలబడి చూస్తున్న పనామె నవ్వింది. "నేను తోమేటప్పుడు గింజలు ఏరి పారేసేదాన్ని. దానికి ఆ మాత్రం తెలవదా అమ్మా?"

ఖాళీగా ఒకసారి నిమ్మఉప్పుతో తిప్పాక యంత్రం దారిలో పడింది. ఆ చప్పుడు వినగానే ఆమె అడిగింది: "అయితే రేపట్నించీ రావద్దా?"

2024 కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి 289 నిమిషాలు జీతంలేని ఆ పనికి వెచ్చిస్తున్నారు. చేసే మగవాళ్లు 88 నిమిషాలు. జీతానికి చేసే ఇంటిపనిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. ఇంటిపనివాళ్ల హక్కుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను మన దేశం ఆమోదించలేదు. ఇవన్నీ నాకు తెలుసు. ఆమె ప్రశ్నకి మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

చెప్పింది అమ్మే. లాక్‌డౌన్‌లో ఆమెని రావద్దన్నప్పుడు ఆ నెల జీతం కూడా ఇవ్వలేదని అప్పుడు గుర్తుచేసుకుంది. ఆ బాకీ తీర్చింది. ఆమె ఇప్పుడు ఇల్లు ఊడ్చి తుడవడానికి వస్తోంది, జీతం మాట్లాడుకునే వస్తోంది. ఆదివారాలు ఫిల్టరు కడిగి, ఉప్పు చూసే పని నాన్నది. మొదటివారం ఆయన "ఇది నాకెందుకమ్మాయ్?" అన్నాడు. తిన్న పళ్లెం మీదే కాబట్టి అన్నాను.