కారు క్లచ్ వైఫల్యం: గుర్తింపు, మరమ్మతు

కారులో ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపేది, అవసరమైనప్పుడు విడదీసేది క్లచ్. పెడల్ తొక్కితే ఇంజిన్ శక్తి చక్రాలకు వెళ్లకుండా ఆగుతుంది, వదిలితే మళ్లీ అందుతుంది. రాపిడితో పనిచేసే భాగం కాబట్టి దీనికి అరుగుదల తప్పదు. అయితే క్లచ్ మొరాయించిన ప్రతిసారీ ప్లేటు అరిగిందనుకోవడం పొరపాటు. కేబుల్, సిలిండర్, బేరింగ్, ఇంజిన్ మౌంటింగ్‌లలో ఏది చెడినా క్లచ్ పోయినట్టే అనిపిస్తుంది. మరమ్మతులో శ్రమా కూలీ ఎక్కువగా పడేది గేర్‌బాక్స్ దించడానికే. అందుకే దించకముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి, దించాక ఆ లోపం ఎందుకు వచ్చిందో చూడాలి.

నిర్మాణం

మాన్యువల్ గేర్ల కార్లలో సాధారణంగా ఒకే ప్లేటు గల పొడి క్లచ్ ఉంటుంది. క్రాంక్‌షాఫ్ట్ చివర ఫ్లైవీల్, దానికి బోల్టులతో బిగించిన ప్రెషర్ ప్లేట్, ఆ రెంటి నడుమ క్లచ్ ప్లేట్ ఉంటాయి. ప్లేటుకు రెండు వైపులా లైనింగ్‌ను రివెట్లతో బిగిస్తారు. ప్రెషర్ ప్లేట్‌లోని డయాఫ్రమ్ స్ప్రింగ్ ఈ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి ఉంచుతుంది. పెడల్ తొక్కినప్పుడు ఫోర్క్ రిలీజ్ బేరింగ్‌ను తోస్తుంది, బేరింగ్ స్ప్రింగ్ కొసలను నొక్కుతుంది, పట్టు సడలి ప్లేటు విడిపోతుంది. మారుతి 800లో పెడల్ కదలికను ఫోర్క్‌కు చేర్చేది కేబుల్. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న కార్లలో ఆ పని మాస్టర్, స్లేవ్ సిలిండర్ల మధ్య ఉన్న ద్రవం చేస్తుంది.

లక్షణాలు, పరీక్షలు

క్లచ్ జారడం: యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రొద పెరుగుతుంది కానీ బండి వేగం అందుకోదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇది ముందుగా బయటపడుతుంది, కాలిన వాసన కూడా వస్తుంది. పరీక్షించడానికి ఖాళీ స్థలంలో, బండి ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేకు తొక్కి ఉంచి, పై గేరు వేసి క్లచ్‌ను మెల్లగా వదలాలి. పట్టు బాగుంటే ఇంజిన్ ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ జారుతున్నట్టే. ఈ పరీక్షలో లైనింగ్ వేడెక్కుతుంది కాబట్టి పదేపదే చేయకూడదు.

క్లచ్ విడవకపోవడం: గేర్లు కష్టంగా పడతాయి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా పెడల్ పూర్తిగా తొక్కి, లోపల ప్లేటు తిరగడం ఆగేలా కొన్ని సెకన్లు ఉంచి, రివర్స్ గేరు వేయాలి. అప్పుడు కరకరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. వరద నీటిలో మునిగిన కార్లలో, చాలాకాలం కదలకుండా ఉన్న కార్లలో తుప్పు వల్ల ప్లేటు ఫ్లైవీల్‌కు అంటుకుపోవచ్చు.

అదురు: బండి కదిలే క్షణంలో వణుకుతుంది. లైనింగ్‌కు నూనె అంటడం, ఫ్లైవీల్ మీద మాడిన మచ్చలు పడటం దీనికి సాధారణ కారణాలు. విరిగిన ఇంజిన్ మౌంటింగ్ కూడా ఇదే అదురు తెస్తుంది కాబట్టి ముందు దాన్ని చూడాలి.

శబ్దం: పెడల్ తొక్కినప్పుడే వస్తే అనుమానం రిలీజ్ బేరింగ్ మీదకు పోతుంది. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు వచ్చి, తొక్కగానే ఆగితే తప్పు చాలావరకు గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ది. అలాంటప్పుడు క్లచ్ సెట్ మొత్తం మార్చినా ఆ మోత పోదు.

దించకముందు చూడాల్సినవి

కేబుల్ క్లచ్‌లో ముందుగా పెడల్ ఫ్రీ ప్లే కొలవాలి. పెడల్ పైనుంచి వేలితో నొక్కితే గట్టిగా తగిలే దాకా కదిలే దూరమే ఫ్రీ ప్లే. ఎంత ఉండాలో ఆ కారు మాన్యువల్‌లో ఉంటుంది. ప్లేటు అరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. ఇది బొత్తిగా లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ స్ప్రింగ్‌ను నొక్కుతూనే ఉండి, మంచి ప్లేటు కూడా జారుతుంది. మరీ ఎక్కువైతే క్లచ్ విడవదు. కేబుల్ చివరి నట్టు తిప్పి సరిచేస్తే తీరిపోయే సమస్యలు ఇందులో ఉన్నాయి. కేబుల్ పోగులు తెగుతుంటే, లోపల బిగుసుకుపోయి ఉంటే కొత్తది వేయాలి.

హైడ్రాలిక్ క్లచ్‌లో పెడల్ మెత్తగా దిగిపోతుంటే పైపుల్లో గాలి చేరి ఉండవచ్చు, లేదా ద్రవం కారుతుండవచ్చు. పెడల్ వెనక మాస్టర్ సిలిండర్ దగ్గర, గేర్‌బాక్స్ పక్కన స్లేవ్ సిలిండర్ దగ్గర తడి ఉందేమో చూడాలి. కొన్ని కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ద్రవం ఒకే డబ్బా నుంచి వెళ్తుంది కాబట్టి ఈ లీకును అశ్రద్ధ చేయడం ప్రమాదకరం.

మరమ్మతు

ముందు చక్రాలతో నడిచే చిన్న కారులో ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. కారును స్టాండ్ల మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకూడదు. గేర్ ఆయిల్ వంచి, డ్రైవ్‌షాఫ్టులు, గేరు లింకు, కేబుల్, స్టార్టర్ విడదీయాలి. ఇంజిన్‌కు ఆసరా పెట్టి గేర్‌బాక్స్ దించాలి. పాత లైనింగ్‌లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు, తడి గుడ్డతో తుడవాలి.

బయటికి తీసిన ప్లేటే అసలు సంగతి చెబుతుంది. లైనింగ్ రివెట్ల దాకా సమంగా అరిగితే అది వయసు అరుగుదల. లైనింగ్ మాడి గాజులా నున్నబడి, ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు ఉంటే హాఫ్ క్లచ్‌లో, అంటే పెడల్ సగం తొక్కి ఉంచి, నడపడమో, ఫ్రీ ప్లే లేకపోవడమో కారణం. నూనెతో నల్లగా తడిస్తే క్రాంక్‌షాఫ్ట్ వెనక సీలో, గేర్‌బాక్స్ సీలో కారుతోంది. ఆ సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే దానికీ అదే గతి పడుతుంది.

ప్లేటు, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చడం మేలు. ఒక్క బేరింగ్ కోసం మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సి రాదు. ఫ్లైవీల్ మీద పగుళ్లుంటే మార్చాలి. చిన్న గీతలు, మచ్చలు ఉంటే తయారీదారు అనుమతించిన మేరకు లేత్ మీద నునుపు చేయించవచ్చు. కొత్త ప్లేటును సరైన వైపు తిప్పి, సెంటరింగ్ పనిముట్టుతో నడిమధ్యలో నిలిపి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తూ చివరికి మాన్యువల్ చెప్పిన టార్క్‌కు తేవాలి. షాఫ్ట్ పళ్లకు గ్రీజు పలుచగా రాస్తే చాలు, ఎక్కువైతే ఎగిరి లైనింగ్ మీద పడుతుంది.

బిగింపు పూర్తయ్యాక గేర్ ఆయిల్ పోసి, ఫ్రీ ప్లే సరిచేయాలి. హైడ్రాలిక్ అయితే గాలి తీయాలి. తర్వాత రోడ్డు మీద అన్ని గేర్లలో నడిపి చూడాలి.

మన్నిక

క్లచ్ ఎన్ని కిలోమీటర్లు మన్నుతుందన్నది నడిపే తీరును బట్టి ఉంటుంది. పెడల్ మీద పాదం ఆనించి నడపడం, తిరుమల లాంటి ఘాట్ రోడ్డు ఎత్తులో బండిని బ్రేకుతో కాక హాఫ్ క్లచ్‌తో నిలపడం లైనింగ్‌ను త్వరగా కాలుస్తాయి. ఎత్తులో ఆగినప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేయడం, పెడల్‌తో పని లేనప్పుడు కాలు పూర్తిగా తీసేయడం డ్రైవింగ్ నేర్చిన మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.