డెల్టా నేల బొమ్మకెక్కిన తీరు

పటమట నుంచి బందరు రోడ్డు పట్టుకుని పోరంకి దాటితే బెజవాడ కొండలు వెనకబడతాయి. ముందంతా బల్లపరుపు నేల. కాలువ, గట్టు, వరిచేను అన్నీ అడ్డగీతలే. నిలువుగా కనిపించేవి తాటిచెట్లు. ఇంత తక్కువ సరంజామాతో బొమ్మ రక్తి కట్టించడం చిత్రకారుడికి గట్టి పరీక్ష. తెలుగు చిత్రకళ ఆ పరీక్షకు కూర్చోవడానికి చాలా కాలం పట్టింది.

బందరు కలంకారీలో చెట్టుంది, పువ్వుంది, పిట్ట ఉంది. అది అలంకారం కోసం పుట్టిన కళ కనుక దూరం, పొద్దు, వెలుతురు దానికి అవసరపడలేదు.

మార్పు 1910ల్లో రాజమండ్రిలో మొదలైంది. ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. ఆయన ప్రోత్సాహంతో దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివారు. మనుషుల బొమ్మలతో పాటు ప్రకృతి దృశ్యాలూ వేశారు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూశారు.

బందరులో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రమోద్ కుమార్ చటర్జీ బెంగాల్ వాష్ పద్ధతి తెచ్చారు. అడివి బాపిరాజు అక్కడ ఆయన శిష్యుడు. వాష్ పద్ధతిలో రంగు వేసి, ఆరనిచ్చి, కాగితాన్ని నీట తడిపి మళ్లీ రంగు వేస్తారు. అంచులు కరిగి రంగులు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. గురుశిష్యులు ఎక్కువగా పురాణ కథలే గీసినా, పుష్యమాసపు మంచులో డెల్టా పొలానికి చక్కగా నప్పే పద్ధతి ఇది.

కృష్ణకు అవతలి ఒడ్డున, దుగ్గిరాల దగ్గరి తుమ్మపూడిలో సంజీవదేవ్ (1914-1999) ఉండేవారు. కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ సాన్నిహిత్యం పొంది, తిరిగి సొంత పల్లెలోనే స్థిరపడ్డారు. పాస్టెల్, నీటిరంగులతో ఆయన వేసిన చిత్రాల్లో కథ ఆసరా లేకుండా ప్రకృతే విషయమైంది.

ఈ నేలను గీయడంలో మొదటి నిర్ణయం దిగంతరేఖ ఎక్కడన్నది. కిందికి దింపితే ఆకాశం విస్తరించి ఒంటరితనం వస్తుంది. పైకి జరిపితే పొలం దగ్గరై సందడి పెరుగుతుంది. సరిగ్గా నడిమికి పెడితే బొమ్మ రెండు ముక్కలవుతుంది. తాటిచెట్టును ఓ పక్కకు జరిపి మిగతా చోటు ఖాళీగా వదిలితే, ప్రశాంతత ఆ ఖాళీలోంచే వస్తుంది.

పటమట పొలాలు కాలనీలయ్యాయి. బందరు కాలువ వెంట ఇంకా కొన్ని చేలు మిగిలాయి. చిత్రకళ నేర్చుకునే పిల్లలను ఫొటోలు చూసి గీయమనకుండా ఆ గట్ల మీదికి తీసుకెళ్లండి. చూసి గీసిన నేలే కళలో నిలుస్తుంది.